ఏడుపులో అన్న మాట

మొన్న ఎండాకాలంలో హైదరాబాదు నుంచి ఒకమ్మాయి కోరుట్లలో మా ఇంటికి వచ్చింది. యూనివర్సిటీలో చదువుతోందట. మనుషుల దుఃఖం, సంతోషం, కోపం ఒక్కో చోట ఒక్కో తీరుగా ఎట్లా బయటపడతాయో దాని మీద పరిశోధన చేస్తోందట. చావింట్లో ఆడవాళ్లు శోకాలు పెట్టి ఏడుస్తారు కదా, ఆ సంగతులు అడుగుతూ పెగడపల్లి, రాయికల్ తిరిగి తిరిగి, ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చింది. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. మజ్జిగ ఇచ్చాను. తాగి, సంచీలోంచి ఒక కాగితం తీసి, "ఆంటీ, మీకు బాగా దగ్గరివాళ్లు పోయినప్పుడు మీ దుఃఖం ఒకటి నుంచి ఐదు దాకా ఎంత అంటారు?" అని అడిగింది.

ఉద్యోగమంతా అంగన్‌వాడీలో పిల్లల బరువులు తూచి రాసినదాన్ని నేను. దుఃఖాన్ని తూచే కాంటా మాత్రం సర్కారు నాకు ఇవ్వలేదు. "కాంటా తెచ్చినవా బిడ్డా?" అన్నాను. పాపం, మంచి పిల్ల, తనూ నవ్వింది. నవ్వి, కాగితం పక్కన పెట్టి, అసలు ప్రశ్న అప్పుడు అడిగింది. "అట్లా రాగం తీసి, వరసలు పెట్టి, కథలాగా చెప్పుకుంటూ ఏడుస్తారు కదా. అది నిజం ఏడుపేనా ఆంటీ? లేక ఏడవాలి కాబట్టి ఏడవడమా?"

ఇదే ప్రశ్న ఇరవై మూడేళ్ల వయసులో నేను మా పెద్దవ్వను అడిగాను. పెద్దవ్వంటే మా అమ్మకు అక్క. మా దిక్కు పెద్దమ్మను పెద్దవ్వ అంటాం. రాయికల్ దిక్కు మా ఊళ్లో శోకం అంటే ఆమె, ఆమె అంటే శోకం. "మీ ఊళ్లో బాగా ఏడ్చేవాళ్లు ఎవరు? ఒక్క శోకం గుర్తుంటే చెప్పండి, ఫోన్లో రికార్డు చేసుకుంటాను" అని ఆ అమ్మాయి బతిమాలింది. నాకేమీ గుర్తు లేదని చెప్పాను. పచ్చి అబద్ధం. ఒక్క ముక్క పోకుండా గుర్తుంది.

అబద్ధం ఎందుకు ఆడానో ఆ రోజు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ మాటకు ఒక ప్రాణం కట్టుబడి ఉంది. ఆ ప్రాణం పోయిన నెల సిరిసిల్లలో జబ్బు చేసి మామూలుగా పోయింది. పెద్దవ్వ పోయి పదేళ్లయింది. ఆ కాలమూ పోయింది. ఇక దాచి ఎవరిని కాపాడాలి? అందుకని రాస్తున్నాను. పేర్లు మాత్రం అడగొద్దు, ఊరు పేరు కూడా.

పెద్దవ్వ పొడుగు మనిషి. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని ఏళ్ల తరబడి వంగి వంగి ఎడమ భుజం కిందికి జారింది. నడుస్తుంటే నెత్తి మీద ఏదో మోస్తున్నట్టే ఉండేది. భర్త పోయినప్పుడు కొడుకు ఇంకా చంకలోనే ఉన్నాడు. ఆ కొడుకును బీడీలతోనే పెంచింది. మామూలు రోజుల్లో ఆమె కంట్లో నీళ్లు నేను చూడలేదు. తునికాకు కత్తిరిస్తూ వేలు తెగినా "అబ్బ" అనేది కాదు. నవ్వితే మాత్రం వాడకట్టంతా వినిపించేది.

ఊళ్లో ఎవరైనా పోయారంటే ముందుగా కడుపు నిండా తినేది. నాకది రోతగా ఉండేది. పీనుగు అక్కడ వాకిట్లో ఉంటే ఈమె ఇక్కడ పచ్చిపులుసు పోసుకొని రెండోసారి బువ్వ కలుపుకునేది. "తిను, నువ్వు గూడ తిను. కడుపుల ఏం లేకుంటె ఏడుపు నిల్వదు, నడుమల కూలవడ్తవు. సచ్చినోల్ల ఇంట్ల నిన్ను లేపుడు ఇంకొక పనా?" అనేది. తిన్నాక జుట్టు వదులుగా ముడేసుకునేది. సరిగ్గా మూడో శోకానికి ఆ ముడి ఊడి వీపు మీద పడేది. అది దానంతట అది ఊడుతుందో, ఈమె ఊడేట్టు వేస్తుందో నాకు ఎంత చూసినా అంతు చిక్కలేదు.

ఆ ఇంటి గడప దాటగానే ఎవరు ఎక్కువ దెబ్బతిన్నారో చూసి, నేరుగా పోయి ఆమె మెడ మీద పడేది. తల్లో, పెండ్లామో, బిడ్డో, ఎవరైతే వాళ్లు. పోయినవాళ్ల మనిషి తనంతట తాను ఏడుపు ఎత్తుకోకూడదు, ఇంకొకరు వచ్చి మెడ పట్టుకొని ఎత్తివ్వాలి. అది మా దిక్కు మర్యాద. "ఒక్కదాన్ని ఏడ్వనియ్యద్దు. ఇడిస్తె ఏడుపు లోపటికి మర్రిపోయి పుండయితది" అనేది పెద్దవ్వ. ఎవరైనా పేరు పెట్టి ఏడిస్తే ఆమెకు ఒళ్లు మండేది. "వరస పెట్టి ఏడువు. పేరు వెట్టి పిలువనీకె కచేరీల హాజరా?" అని ఏడుపు మధ్యలోనే గదమాయించేది. ఒకసారి ఒక ఇంట్లో శోకం మంచి పట్టు మీద ఉండగా ఆగి, "ఆ దూడ ఇప్పుకున్నది సూడుండ్రే, పాలన్ని తాగుతది" అని చెప్పి, మళ్లీ అదే రాగంలో, అదే మాట మీది నుంచి అందుకుంది. నాకు నవ్వూ వచ్చింది, అసహ్యమూ వేసింది.

అప్పుడు నా మొగడు దుబాయిలో ఉండేవాడు. నేను తల్లిగారి ఊళ్లోనే ఉండి, పెద్దవ్వ అరుగు మీద కూర్చొని బీడీలు చుట్టేదాన్ని. ఆ దూడ సంగతి జరిగిన మర్నాడే అడిగేశాను. "నీది నిజంగ ఏడుపేనా పెద్దవ్వా, ఉత్తగనేనా?"

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. బీడీకి దారం చుట్టి, కొన మడిచి, చాటలో వేసి అప్పుడు చెప్పింది. "ఆకలైతే దానంతటదే అయితది. గంతమాత్రాన వంట వస్తదా? నేర్సుకోవాలె. దుఃఖం గూడ గంతే. వచ్చుడు దానిష్టం. ఏడ్సుడు మనం నేర్సుకోవాలె." ఇంకో ఆకు అందుకుంటూ, "నీకు రాదు. నువ్వు ముక్కు సీదుతవు, గంతే" అంది. అప్పటికీ ఇప్పటికీ అది నిజమే.

శోకానికి ఇంకో రెండు ధర్మాలున్నాయి. ఈ కథంతా వాటి మీదే నిలబడి ఉంది కాబట్టి చెప్పాలి. ఏడుపులో అన్న మాట బయటికి రాకూడదు, అది ఒకటి. శోకంలో ఆడది ఏదైనా అనవచ్చు. దానికి ఎదురు జవాబు లేదు, పంచాయితీ లేదు, మర్నాడు దాన్ని ఎత్తిపొడవడం లేదు. ఒక కోడలు అత్త పీనుగు మీద పడి, "పండుగ పూట నా తమ్ముడొస్తే చాయ నీళ్లు పోయనియ్యకపోతివి అత్తా, నా బాలింత మంచం వానకు బయట ఏస్తివి అత్తా" అని గంటసేపు ఏడ్చింది. మొగడు పక్కనే తల వంచుకొని నిలబడ్డాడు. మూడో నాడు పోయినామె పేరున పిట్టకు ముద్ద పెట్టే వేళకు అదే కోడలు, అదే మొగడు కలిసి వంట చేస్తున్నారు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆడవాళ్లు కడుపులో మాట నలుగురిలో అనడానికి మా ఊళ్లో ఉన్న తావు అదొక్కటే.

రెండోది, కబురు పంపడం. పోయినవాళ్లు పోయేది ముందు పోయినవాళ్ల దగ్గరికే కదా. కాబట్టి ఏడ్చేవాళ్లు తమ పాత చావులకు వీళ్లతో కబుర్లు పంపేవారు. "మా అవ్వ కనవడితే మోకాళ్ల నొప్పి తక్కువైందా అడుగు", "నా బిడ్డకు చెప్పు, దాని గాజులు దాసి పెట్టిన." ఇట్లా. పెద్దవ్వ అయితే ఎవరు పోయినా మొగుడికి ఒక కబురు పంపేది. కొడుకుకు పండ్లు రావడం దగ్గర నుంచి పదో తరగతి పాసవడం దాకా అన్నీ ఊళ్లోని చావుల మీదే ఆయనకు చేరాయి.

ఆ కొడుకు కాలేజీకని జగిత్యాల పోయి, అక్కడి నుంచి అడవికి పోయి అన్నల్లో, నక్సలైట్లలో కలిశాడు. ఆ రోజుల్లో మా దిక్కు ఇంటికొకరు కాకపోయినా వాడకొకరు పోయారు. ఊళ్లో ఎవరూ ఆ మాట బయట అనేవారు కాదు. పోలీసులు వచ్చి అడిగితే పెద్దవ్వ "బొంబాయికి పోయిండు, కార్డు రాస్తలేడు" అనేది. నాతో కూడా అదే అనేది. నేనూ నమ్మినట్టే ఉండేదాన్ని. కానీ అప్పుడప్పుడు ఆమె గంజిలో గింజలు ఎక్కువ వేసి వండిన రోజు వాడు వస్తున్నాడని నాకు తెలిసిపోయేది.

ఒక వానాకాలం మా వాడలో ఒక ముసలామె పోయింది. మగ్గాలు నేసే ఇంటి పెద్ద. పెద్దవ్వకు అత్త వరస. పండు ముసలితనంతో పోయింది కాబట్టి చావిల్లయినా జనం తేలిగ్గానే ఉన్నారు. పెద్దవ్వ ఆ రోజు ఏడ్చిన ఏడుపు ఆమె ఏడుపులన్నింటిలో గొప్పది. తర్వాత వారం రోజులు ఆడవాళ్లు దాన్నే తలుచుకున్నారు. అందులో మొగుడికి కబురు ఇది:

"ఓ అత్తా... పోయే తొవ్వల నీ కొడుకు కనవడితే చెప్పు అత్తా... నా కొడుకు పెరిగి దర్వాజ అందుకున్నడని చెప్పు అత్తా... గడ్డం పెంచిండు, అచ్చం నీ తీర్గనే ఉన్నడని చెప్పు అత్తా... మొన్న మక్కచేండ్ల పొంటి వచ్చి నా చేతి బువ్వ తిన్నడని చెప్పు అత్తా... పెత్రమాసకు మల్ల వస్తనన్నడు, బాపు పేరు మీద బియ్యమిస్తనన్నడు, నువ్వు గూడ ఆ పొద్దు ఇంటికి రమ్మన్నమని చెప్పు అత్తా..."

నేను అక్కడే ఉన్నాను. వింటూ ఉంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె ఏం అంటోందో ఆలోచించాలని నాకు తోచలేదు. ఆమెకూ తోచలేదు. ఆమె దృష్టిలో తను చెబుతున్నది చనిపోయిన మనిషికి. బతికినవాళ్లు విన్నా అది ఏడుపులో మాట. ఏడుపులో మాటను మోసుకుపోయే మనిషి మా ఊళ్లో అప్పటిదాకా పుట్టలేదు.

పెత్రమాస అంటే పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే అమావాస్య. ఆ రోజు పొద్దున మక్కచేను ఒడ్డున, వాళ్ల బావి దగ్గర, పెద్దవ్వ కొడుకును పోలీసులు కాల్చేశారు. ఎదురుకాల్పులని పేపర్లో వచ్చింది. ఆ చప్పుడుకు నేను అరుగు మీద చాట వదిలేసి లేచి నిలబడ్డాను. పెద్దవ్వ ఇంట్లో పొయ్యి మీద గారెలు వేస్తోంది. మొగుడికి ఇష్టమని ఏటా వేస్తుంది. ఆమె బయటికి రాలేదు. జల్లిగంటె పట్టుకొని అట్లాగే కూర్చుంది. నూనె మాడి పొగ వస్తుంటే నేనే పోయి మూకుడు దించాను. అప్పుడు ఒక్క మాట అంది. "నా నోరే మింగింది." నాకు అర్థం కాలేదు.

శవాన్ని జగిత్యాల దవాఖాన నుంచి తెచ్చాం. ఊరంతా వచ్చింది. ఆమె ఎవరెవరి ఇళ్లలో ఏడ్చిందో ఆ ఇళ్ల ఆడవాళ్లంతా వచ్చి, ఒకరి తర్వాత ఒకరు ఆమె మెడ మీద పడ్డారు. పెద్దవ్వ ఏడవలేదు. అన్నల సంఘం వాళ్లు వచ్చి ఎర్రగుడ్డ కప్పి, "అమరుని తల్లి ఏడ్వద్దమ్మా" అన్నారు. వాళ్ల మాట విని నిబ్బరంగా ఉందని జనం మెచ్చుకున్నారు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఊరందరి కోసం ఏడ్చిన మనిషి కన్నకొడుకు కోసం నోరు విప్పకపోవడం చూసి నాకు మతి పోయింది. పాడె లేచేదాకా ఆమె జుట్టు ముడి ఊడలేదు.

ఆ తర్వాత ఆమె ఏ చావుకూ పోలేదు. ఎవరైనా పిలవడానికి వస్తే, "నా నోరు బాగలేదు" అని చెప్పి పంపేది. ఏడాది దాకా అంతే.

మా ఊరి మూల మీద సైకిల్ షాపు ఒకటుండేది. ఆ షాపాయన పెద్దవ్వకు మరిది వరస, పంక్చర్లు వేస్తూ ఎవరి జోలికీ పోని మనిషి. సామాన్ల కోసం వారానికోసారి జగిత్యాల పోయేవాడు. బామ్మర్ది పోలీసుల దగ్గర హోంగార్డు. ఇన్‌ఫార్మరని ముద్ర పడడానికి ఈ రెండు ముక్కలూ చాలు ఆ రోజుల్లో. మరుసటి పెత్రమాస ఇంకా రానేలేదు, ఆయన్ని ఊరి బయట రోడ్డు మీద అన్నలు చంపి, చిట్టీ రాసి పెట్టిపోయారు. పెద్దవ్వ కొడుకు వచ్చే కబురు పోలీసులకు ఇచ్చింది ఇతనేనని అందులో ఉంది.

మధ్యాహ్నం దవాఖాన బండిలో శవం వచ్చింది. వాకిట్లో దించి బండి వెళ్లిపోయింది. ఒక్క మనిషి ఆ గడప తొక్కలేదు. పోతే అన్నలు ఏమనుకుంటారో, ఎవరు చూసి ఎవరికి చెబుతారో. వాడకట్టు తలుపులన్నీ వేసి ఉన్నాయి. డప్పు లేదు. ఆయన పెండ్లాం, నాకు చిన్నవ్వ వరస, శవం పక్కన మోకాళ్లు పట్టుకొని కూర్చుంది. ఇద్దరు ఆడపిల్లలు గోడకు అంటుకొని ఉన్నారు. మెడ పట్టుకునే మనిషి లేక ఆమె ఏడవడం లేదు. తనంతట తాను ఎత్తుకోకూడదు కదా! ఆ మర్యాద ఆమెకు అప్పుడు కూడా గుర్తుంది.

మా అరుగు మీదికి ఒకరిద్దరు వచ్చి, "నీ ఉసురే తాకింది" అని పెద్దవ్వతో అన్నారు. ఆమె తల ఎత్తలేదు. బీడీలు చుడుతూనే ఉంది. ఉన్నట్టుండి చాట పక్కన పెట్టి ఇంట్లోకి పోయింది. ఏం చేస్తోందా అని తొంగి చూశాను. గిన్నెలోంచి చల్లబువ్వ తీసుకొని, మజ్జిగ పోసుకొని, గబగబా తింటోంది.

"ఏడికి పెద్దవ్వా?"

"ఏడికేందే. పీనుగు ఎండల ఉన్నది."

"వాడు నీ కొడుకును..."

"నడువు. లేకుంటె ఇంట్ల కూసో" అంది. వెనకే పోయాను. వాడకట్టు కిటికీలన్నీ మమ్మల్నే చూస్తున్నాయని నాకు తెలుసు. కొడుకును చంపించినవాడి శవం దగ్గరికి ఆమె ఉమ్మేయడానికి పోతోందో, ఏడవడానికి పోతోందో నాకు తెలియలేదు. అడిగే ధైర్యమూ లేదు.

గడప దాటింది. నేరుగా పోయి చిన్నవ్వ మెడ మీద పడింది. ఏడాదిగా మూసుకున్న నోరు తెరిచింది.

"ఓ మరిదీ... నా అరుగు మీద చాయ తాగిన మరిదీ... నా కొడుకుకు సైకిల్ నేర్పిన మరిదీ... వాడు వడ్డప్పుడు మోకాలు తుడిసిన మరిదీ... సచ్చినామెతోని నా మొగనికి కబురు పంపితి మరిదీ... బతికినోనివి నువ్వెట్ల మోస్తివి మరిదీ... ఏడుపుల మాట ఎత్తుకపోవద్దని నీకెవ్వలు చెప్పలేదా మరిదీ..."

గారెల మూకుడు దగ్గర ఆమె అన్న మాట అప్పుడు అర్థమైంది. ఏడాది పాటు ఈమె కొడుకు చావును తన నోటి మీద వేసుకొని బతికింది. ముసలామె వాకిట్లో ఊరంతా మెచ్చుకున్న ఆ శోకమే కొడుకును తీసుకుపోయింది. నేనూ అక్కడే ఉండి కళ్లు తుడుచుకున్నాను!

ఈమె గొంతు వినబడ్డాక తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. చచ్చిన కొడుకు తల్లే పోయినప్పుడు మనమెందుకు పోకూడదని కాబోలు, నలుగురైదుగురు ఆడవాళ్లు వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. వాళ్లలో ఒకామె అల్లుడు సంఘంలో పెద్దమనిషి. నేను పెద్దవ్వ వీపుకు ఆనుకొని కూర్చున్నాను. చిన్నవ్వ తల పెద్దవ్వ భుజం మీద, నా చెవికి జానెడు దూరంలో ఉంది. ఏడుపు ఎత్తిచ్చే మనిషి దొరికాక ఆమె కూడా అందుకుంది. సన్నని గొంతు, మొదట మాటలు తెలియలేదు. తర్వాత తెలిశాయి.

"ఆయినె కాదక్కా... ఆయినెకు ఎరుకనే లేదక్కా... నేనక్కా... నీ ఏడుపు మంచిగున్నదని మా అవ్వగారింట్ల చెప్పినక్కా... ఎంత మంచిగ కబురు పంపిందో ఇనుండ్రని, నీ తీర్గనే ఏడ్సి చూపెట్టినక్కా... మా తమ్ముడు దర్వాజల కూసోని ఇన్నడక్కా... నేను మోసినక్కా..."

శత్రుత్వంతో కాదు, ఆశతో కాదు. ఆ శోకం అందంగా ఉందని చెప్పింది! మంచి పాట విన్నవాళ్లు ఇంటికి పోయి పాడి వినిపించినట్టు వినిపించింది. అందుకు ఒక పిల్లవాడు పోయాడు, ఏమీ తెలియని ఒక మొగుడు పోయాడు. ఈ మాట గోడ పక్కనున్న ఆడవాళ్ల చెవిన పడితే ఇంకో చిట్టీ రాయడానికి రెండు రోజులు చాలు. ఆ ఇద్దరు ఆడపిల్లలు ఇంకా గోడకే అంటుకొని ఉన్నారు.

పెద్దవ్వ ఒళ్లు రాయిలా బిగుసుకోవడం నా ఛాతీకి తెలిసింది. ఒక్క క్షణం రాగం ఆగింది. ఆగిందంటే ఆగింది, నేను చెప్పలేను ఎంతసేపో. మెడ విడిచి లేస్తుందనుకున్నాను. లేచి నలుగురికీ చెబుతుందనుకున్నాను. చెబితే తప్పేముంది? ఆమె కడుపు కాలింది.

విడవలేదు. చిన్నవ్వ ముఖాన్ని తన భుజంలోకి అదిమి పట్టి, ఊరు దద్దరిల్లేట్టు గొంతెత్తింది. "ఓ కొడుకా" అని ఎత్తింది. మరిదీ అని కాదు, కొడుకా అని. ఏడాది కింద రాని శోకం అంతా అప్పుడు వచ్చింది. ఆ గొంతు కింద చిన్నవ్వ మాట ఒక్కటి కూడా బయటికి వినిపించలేదు. ఆమె మాట ఎత్తినప్పుడల్లా ఈమె ఇంకా పైకి పోయింది. గోడ పక్కనున్న ఆడవాళ్లు ఇక ఆగలేక వచ్చి మా మీద పడి ఏడ్చారు. ముడి ఊడిపోయింది. అది ఆమె ఊడేట్టు వేసిన ముడి కాదని నాకు అనుమానం లేదు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత నలుగురు మగవాళ్లు వచ్చారు. పాడె లేచింది. పెద్దవ్వ ఎప్పటిలాగే తొట్టి దగ్గర ముఖం కడుక్కుంది. ఎప్పుడూ ఏడుపయ్యాక చాయ అడిగేది, ఆ రోజు అడగలేదు. దారిలో నన్ను ఆపి నా కళ్లలోకి చూసింది.

"ఏమన్న ఇన్నవా?"

"ఏమినలేదు పెద్దవ్వా."

"ఇన్నా గది ఏడుపుల మాట" అంది. మూడో నాడు పిట్టకు పెట్టడానికి ఆమే బియ్యం పట్టుకొని ఆ ఇంటికి పోయింది.

ఆమె మళ్లీ ఊరి చావులకు పోవడం మొదలుపెట్టింది. అంతా మునుపటిలాగే. తిని పోవడం, ముడి, గదమాయింపులు. ఒక్కటే మారింది, అది నేను తప్ప ఎవరూ గమనించలేదు. చచ్చేదాకా ఆమె ఎవరితోనూ ఎవరికీ కబురు పంపలేదు. కొడుక్కి కూడా పంపలేదు.

చిన్నవ్వ పిల్లలను తీసుకొని సిరిసిల్ల పోయింది. పవర్‌లూమ్ షెడ్డు దగ్గర కండెలు చుట్టి బతికింది. ఎప్పుడైనా జగిత్యాల బస్టాండులో కలిస్తే నా చెయ్యి పట్టుకొని వదిలేది కాదు. "ఊళ్ల ఎట్లున్నది బిడ్డా? ఏమనుకుంటున్నరు?" అని అడిగేది. ఊరి మీద బెంగ అనుకునేదాన్ని. నా అంత మొద్దుదాన్ని నేనే.

పెద్దవ్వ పోయినప్పుడు శవాన్ని చల్లపెట్టెలో పెట్టారు. గల్ఫ్‌లో ఉన్న వాడకట్టు పిల్లలకు ఫోన్లో చూపించారు. ఆడవాళ్లు కుర్చీల్లో కూర్చొని కొంగుతో కళ్లు అద్దుకున్నారు. ఊరందరికీ ఏడుపు ఎత్తిచ్చిన మనిషికి ఎత్తిచ్చేవాళ్లు లేరు. కన్నబిడ్డలు లేరు కాబట్టి ఆమె పక్కన కూర్చోవలసింది నేనే. నాకేమో రాదు. ముక్కు చీదుతూ కూర్చున్నాను.

మధ్యాహ్నం సిరిసిల్ల బస్సు దిగి చిన్నవ్వ వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. నేరుగా వచ్చి నా మెడ మీద పడింది. పడి, ఎత్తుకుంది.

"ఓ అక్కా... నా మాట నీ కడుపుల వెట్టుకొని పోతున్నవా అక్కా... నీ కొడుకు కనవడితే చెప్పు అక్కా... ఈ చిన్నవ్వ నోరు చేసిన పని చెప్పు అక్కా... ఒక్కసారి సమజు చేసి చెప్పు అక్కా... కాళ్లు మొక్కుతున్నని చెప్పు అక్కా..."

నేను బిత్తరపోయాను. అన్నేళ్లు పెద్దవ్వ మూసి పెట్టింది, ఈమె ఇప్పుడు నలుగురిలో విప్పుతోంది. అన్నలు లేరు, చిట్టీలు లేవు, అయినా భయం వేసింది. ఆ కుర్చీల్లో ఆ సంఘం పెద్దమనిషి అత్త ఇంకా ఉంది. నాకు ఏం చేయాలో తోచలేదు. తోచకుండానే నోరు తెరిచాను. "ఓ పెద్దవ్వా" అని గొంతు చిట్లేట్టు ఎత్తాను. రాగం లేదు, వరస లేదు, గాడిద అరుపు. చిన్నవ్వ మాట ఎత్తినప్పుడల్లా ఇంకా పైకి అరిచాను. కుర్చీల్లో వాళ్లు లేచి వచ్చారు. ఎప్పుడు అరుపు ఏడుపు అయిందో నాకే తెలియదు.

పాడె లేచాక నల్లా దగ్గర ఇద్దరం ముఖాలు కడుక్కున్నాం. చిన్నవ్వ కొంగుతో తుడుచుకుంటూ చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఎవలన్న ఇన్నరా బిడ్డా?"

"ఎవలినలే చిన్నవ్వా. నేను గట్టిగ ఏడ్సిన."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. బస్టాండులో పట్టుకున్నట్టే. ఇన్నేళ్లూ ఊరి మీద బెంగతో కాదు, నా మీది భయంతో పట్టుకుందని అప్పుడు తెలిసింది.

"నువ్వు గూడ ఇన్నవు గదా, గా పొద్దు. నీ ముఖం సూసిన నేను" అంది.

"అక్క గూడ గట్టిగనే ఏడ్సింది" అంది చిన్నవ్వ, నల్లా కట్టేస్తూ. "గందుకే బతికిన."